కాలిన అడవి, పెరిగిన లెక్క

(మావయ్య నల్లమల అడవుల్లో రేంజ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి. మేనకోడలు అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అడవి నేలల మీద పరిశోధన చేస్తోంది. నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీ శాస్త్రవేత్త మిషెల్ మ్యాక్ బృందం రాసిన పత్రాలు ఆమె పంపితే ఆయన చదివాడు. సెలవులకు ఇంటికొచ్చిన మేనకోడలితో వాటి మీద పేచీకి దిగాడు.)

మావయ్య: నువ్వు పంపినవి రెండేసి సార్లు చదివానమ్మాయ్. 2021లో సైన్స్ పత్రికలో వచ్చినది చదివాక ఒళ్లు మండింది. అడవి లోతుగా కాలితే, కాలక్రమంలో ఐదు రెట్లు ఎక్కువ కార్బన్ దాచుకుంటుందట! మరి మేము ఎండాకాలమంతా పచ్చికొమ్మలు పట్టుకుని మంటల వెంట పరుగెత్తింది దేనికి?

మేనకోడలు: మీరు ఆర్పిన మంట వేరు, అక్కడి మంట వేరు మావయ్యా. నల్లమలలో కాలేదేమిటో మీరే చెప్పండి.

మావయ్య: ఎండుటాకు, బోదగడ్డి. ఫిబ్రవరిలో మొదలైతే మే దాకా మాకు నిద్ర ఉండేది కాదు. మొలకలు పోతాయి, లేత మొక్కలు పోతాయి. పెద్ద మద్ది, చిరుమాను, టేకు మాత్రం వాన పడగానే చిగురిస్తాయి. నేల కాలదు.

మేనకోడలు: అలాస్కా నడిమి భాగంలో నేలే కాలుతుంది. అక్కడ ఎక్కువగా ఉండేది బ్లాక్ స్ప్రూస్. నూరేళ్ల చెట్టు మన ముంజేయి లావే ఉన్నా ఆశ్చర్యం లేదు, అంత నిదానంగా పెరుగుతుంది. దాని కింద నాచు, రాలిన ఆకు, వేళ్లు సగం కుళ్లీ కుళ్లక పొర మీద పొరగా పేరుకుంటాయి. ఆ చలిలో కుళ్లడం సాగదు. చాలాచోట్ల దాని అడుగునే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల, పర్మాఫ్రాస్ట్, మొదలవుతుంది. ఆ అడవిలో కార్బన్ మానులో కన్నా నేలలోనే ఎక్కువ. మంట వచ్చినప్పుడు గాల్లో కలిసేదాంట్లోనూ పెద్ద వాటా ఆ పొరదే. ఒక్కోసారి చలికాలమంతా మంచు కింద రాజుకుంటూ ఉండి, వసంతంలో మళ్లీ పైకి లేస్తుంది.

మావయ్య: అలాంటి నేల కాలితే మంచిదని రాయడానికి వాళ్లకు చేతులెలా వచ్చాయి?

మేనకోడలు: మంచిదని ఎవరూ రాయలేదు, కొలిచి ఇదీ సంగతి అన్నారు. 2004లో అలాస్కాలో సుమారు 66 లక్షల ఎకరాలు కాలింది. అక్కడి రికార్డుల్లో అంత పెద్ద మంటల ఏడు ఇంకోటి లేదు. ఆ ఏడు కాలిన స్ప్రూస్ తోపుల్లో 75 ఎంచుకుని, ఎక్కడ ఎంత కాలిందో, తర్వాత ఏం మొలిచిందో మ్యాక్ బృందం 13 ఏళ్లపాటు చూసింది.

మావయ్య: కాలిపోయినదాన్ని కొలవడం ఎలా? మా ఫైర్ రిపోర్టులో హెక్టార్లు రాసేవాళ్లం, లోతు అనే కాలమే లేదు.

మేనకోడలు: ఆ లోతు స్ప్రూసే చెబుతుంది. నాచు పైకి పెరిగే కొద్దీ ఆ చెట్టు కాండం మీద కొత్త వేళ్లు ఇంకా పైన వేస్తుంది. మంట నాచును తినేశాక ఆ వేళ్లు గాల్లో వేలాడుతూ మిగులుతాయి. పై వేరు దగ్గర్నుంచి ఇప్పటి నేల దాకా టేపు పెట్టి కొలిస్తే ఎన్ని సెంటీమీటర్లు పోయిందో తెలుస్తుంది. పక్కనే కాలని తోపులో నేల కోసి తూస్తే, ఆ సెంటీమీటర్లలో ఎంత కార్బన్ ఉండేదో లెక్క వస్తుంది.

మావయ్య: అది బాగుంది. ఆ కొలతతో నాకు గొడవ లేదు. తర్వాత మొలిచినదాంతోనే గొడవ.

మేనకోడలు: స్ప్రూస్ కాయలు జిగురుతో మూసుకుని కొమ్మ చివర్లో ఏళ్ల తరబడి ఉంటాయి. మంట వేడికి విచ్చుకుని విత్తనం రాలుస్తాయి. మంట పైపైన పోతే, మిగిలిన నాచులో స్ప్రూసే మళ్లీ మొలుస్తుంది. వేల ఏళ్లుగా జరిగింది ఎక్కువగా ఇదే. మంట లోతుగా దిగి కింద మట్టి బయటపడితే కథ మారుతుంది. బిర్చ్, ఆస్పెన్ విత్తనాలు నలుసంత ఉంటాయి, గాలికి ఎగిరొస్తాయి. నాచులో పడితే ఎండి చస్తాయి, తడిమట్టిలో పడితే బతుకుతాయి. బతికాక స్ప్రూస్‌ను దాటి ఎదుగుతాయి. అలా ఆకురాల్చే చెట్ల చేతికి వెళ్లిన తోపుల్లో, నేలలోంచి ఎక్కువ కార్బన్ పోయినా, కొత్త మానుల్లో అంతకు మించి చేరుతోంది. మంటకూ మంటకూ మధ్య కాలమంతా లెక్క వేస్తే, స్ప్రూస్‌గా మిగిలినవాటి కన్నా ఐదు రెట్లు ఎక్కువ.

మావయ్య: మంటకూ మంటకూ మధ్య ఎన్నేళ్లు?

మేనకోడలు: అక్కడ సుమారు నూరేళ్లు.

మావయ్య: చూసింది పదమూడేళ్లు, చెప్పింది నూరేళ్ల మాట. మేమూ నర్సరీ దాటిన మొక్కలు లెక్కపెట్టి ముప్పై ఏళ్ల దిగుబడి రాసిన రోజులున్నాయి. ఆ దిగుబడి చూడ్డానికి రాసినవాడు సర్వీసులో ఉండడు.

మేనకోడలు: ఆ ముప్పై ఏళ్ల అంకె మీకు చెప్పడానికి అక్కడ పాత తోపు లేదు. వీళ్లకు ఉంది. వేర్వేరు ఏళ్లలో కాలి, ఇప్పుడు వేర్వేరు వయసుల్లో ఉన్న బిర్చ్, ఆస్పెన్, స్ప్రూస్ తోపులను అదే ప్రాంతంలో ముందే కొలిచిపెట్టారు. అంచనా అంటే గాల్లోంచి తీసింది కాదు.

మావయ్య: సరే, అంకె నిజమే అనుకుందాం. మరి అదే మిషెల్ మ్యాక్ పేరు 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రం మీద కూడా ఉందిగా? మొదటి పేరు జాంథే వాకర్. అందులో ఉన్నది దీనికి తలకిందులు. కెనడా వాయవ్య ప్రాంతాల్లో 2014 మంటలు చూసి, ఈ అడవులు కార్బన్ పుచ్చుకునేవి కాస్తా ఇచ్చేవిగా మారొచ్చని రాశారు. రెండేళ్లు తిరగ్గానే ఐదు రెట్లంటున్నారు. ఏది నమ్మాలి?

మేనకోడలు: రెండూ. మీరు తలకిందులన్న చోటే అసలు విషయం ఉంది. వాకర్ వేసిన ప్రశ్న వేరు. మంటలో పోయిన కార్బన్ ఈ తోపు తన జీవితకాలంలో కూడబెట్టిందా, లేక అంతకు ముందు మంటలను తప్పించుకుని అడుగున మిగిలిన పాతదా? ఆ పాతదాన్ని వారసత్వ కార్బన్ అన్నారు. మంట తర్వాత మిగిలిన నేల పైపొర వయసును రేడియోకార్బన్‌తో కట్టారు. 1950, 60లలో అణుపరీక్షల వల్ల గాల్లో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగింది కదా, ఆ గుర్తు నాచు పొరల్లో ఉండిపోయింది. కాబట్టి ఏ పొర ఎప్పటిదో బాగా తెలుస్తుంది. మిగిలిన పైపొర చెట్ల వయసు కన్నా పాతదైతే, మంట వారసత్వ కార్బన్‌లోకి దిగినట్టే.

మావయ్య: దిగిందా?

మేనకోడలు: ముదురు తోపుల్లో దిగలేదు. దిగింది అరవై ఏళ్లు నిండని తోపుల్లో, అదీ పొడినేలల్లో. నాచు మళ్లీ మందంగా పేరుకునే లోపే రెండో మంట వచ్చిపడింది. ఆ ఏడు కాలిన 28 లక్షల హెక్టార్లకు పైగా అడవిలో సుమారు 3.4 లక్షల హెక్టార్లకు ఈ గతి పట్టి ఉండొచ్చని అంచనా కట్టారు. అంటే అడవికి తీరిక ఇస్తే మంటను దాటుకుని ముందుకు పోగలదు, మంటలు దగ్గరపడితే పోలేదు. 2021 పత్రం తీరిక దొరికిన అడవి గురించి, 2019 పత్రం దొరకని అడవి గురించి.

మావయ్య: ఇప్పుడు నువ్వే నా వాదన చెబుతున్నావు. ఎండలు ముదురుతున్నాయి, పిడుగులు పెరుగుతున్నాయి, మంటలు దగ్గరపడుతున్నాయి. ఇక నూరేళ్ల తీరిక ఎక్కడిది?

మేనకోడలు: ఆకురాల్చే చెట్టు స్ప్రూస్‌లా అంటుకోదు మావయ్యా. స్ప్రూస్‌లో జిగురుంది, కొమ్మలు నేల దాకా ఉంటాయి, మంట నిచ్చెనెక్కినట్టు పైకి పోతుంది. బిర్చ్, ఆస్పెన్ ఆకులో నీరు ఎక్కువ. కొండవాలు అంతా అవే నిండితే మంట అక్కడ నెమ్మదిస్తుంది. కాబట్టి తీరిక పెరగొచ్చని మ్యాక్ బృందం ఆశ.

మావయ్య: ఆశ! ఆకు రాకముందు, వసంతంలో అదే తోపు ఎండుటాకుతో నిండి ఉంటుంది, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ఆస్పెన్ ఆకుల్లో సొరంగాలు తవ్వే పురుగు మీ ఊరి చుట్టుపక్కలే ఏళ్ల తరబడి పట్టిందని నువ్వే ఫొటోలు పెట్టావు. నేలలో ఉన్న కార్బన్‌కు పురుగు పట్టదు, గొడ్డలి తగలదు. మానులోకి మార్చి, పెరిగిందని సంబరపడితే ఎలా?

మేనకోడలు: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎంత చేరిందన్నది ఒక లెక్క, చేరింది ఎన్నాళ్లుంటుందన్నది ఇంకో లెక్క. మొదటిది కొలిచాం, రెండోదానికి ఇంకా కాలం పడుతుంది.

మావయ్య: ఇంకోటి. నాచు పోతే కింద గడ్డకట్టిన నేలకు కప్పు పోయినట్టే. ఎండ నేరుగా తగులుతుంది. అది కరిగితే?

మేనకోడలు: కరుగుతుంది, కొన్నిచోట్ల కరుగుతోంది కూడా. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ నేలల్లో గాల్లో ఉన్నదానికి సుమారు రెట్టింపు కార్బన్ ఉంది. మంట ఆరాక, ఏళ్ల మీద ఏళ్లు నెమ్మదిగా బయటికొచ్చే కార్బన్ అది. ఐదు రెట్లన్న అంకెను అన్ని రకాల నేలలకూ అతికించకూడదని నేనూ అంటాను. ఆ అంకె అలాస్కా నడిమి భాగపు స్ప్రూస్ తోపులది. అయితే మీరు కార్బన్ ఒక్కటే చూస్తున్నారు. వెలుగు సంగతి చూడండి. కాలిన చోట చలికాలంలో నల్లటి స్ప్రూస్ కొమ్మల నీడ ఉండదు. మంచు మీద పడిన ఎండ వెనక్కి పోతుంది. తర్వాత వచ్చే బిర్చ్ చలికాలం మోడుగా ఉంటుంది, అప్పుడూ మంచు తెల్లగా కనిపిస్తుంది. 1999లో అలాస్కాలో వచ్చిన ఒక మంటను జేమ్స్ రాండర్సన్ బృందం అన్ని కోణాల్లో కొలిచి 2006లో లెక్క తేల్చింది. మొదటి ఏడాది ఆ మంట భూమిని వేడెక్కించింది. ఎనభై ఏళ్ల సగటు తీస్తే మాత్రం కాస్త చల్లబరిచేదిగానే తేలింది.

మావయ్య: అయితే ఆ తర్కం చివరిదాకా తీసుకెళ్లు. ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న గోవిందస్వామి బాల 2007లో కంప్యూటర్ నమూనాలో ప్రపంచంలోని అడవులన్నీ నరికి చూశాడుగా. ఉష్ణమండలంలో నరికితే భూమి వేడెక్కింది, ఉత్తరాన నరికితే చల్లబడింది. ఇక మనవాళ్లు గొడ్డళ్లు పట్టుకుని అలాస్కా విమానం ఎక్కితే సరి!

మేనకోడలు: ఆ పత్రం రాసినవాళ్లే, జీవజాలాన్ని కాపాడటానికి వాతావరణాన్ని కాపాడుకుంటూ, అందుకోసం జీవజాలాన్నే నరకడం వికృతమైన వ్యూహమని రాశారు.

మావయ్య: నేను అడగబోయేది సరిగ్గా అదే. ఐదు రెట్ల దగ్గర ఆ మాట ఎందుకు గుర్తు రాలేదు? నా సర్వీసులో మిశ్రమ అడవి పోయి జామాయిల్ వచ్చిన చోట్లు చూశాను. కాగితం మీద కలప పెరిగింది. మన దేశంలో హెక్టారు దాటిన నేల మీద పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, జామాయిలైనా, మామిడైనా, ఫారెస్ట్ కవర్ లెక్కలోకి వస్తుంది. ఆ లెక్కలో నల్లమద్ది పోయిందని ఎక్కడా కనపడదు, దాని కింద పెరిగే దుంపలు, తేనె, చెంచుల తిండి పోయాయని కనపడదు. అలాస్కాలో స్ప్రూస్ పోయి బిర్చ్ వస్తే కార్బన్ కాలమ్‌లో లాభం. తతిమ్మా కాలమ్‌లు ఏవి?

మేనకోడలు: ఉన్నాయి, ఒకవైపుకే మొగ్గవు. కారిబూ జింకలు చలికాలమంతా తినే లైకెన్ ముదురు స్ప్రూస్ తోపుల్లోనే బాగా పెరుగుతుంది. కాలితే మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. అది నష్టం. మరోవైపు లేత బిర్చ్, విల్లో రెమ్మలంటే మూస్ దుప్పికి ప్రాణం. అక్కడి అథబాస్కన్ ఊళ్లలో శీతాకాలపు మాంసంలో మూస్‌ది పెద్ద పాలు. జామాయిల్‌తో పోల్చారు గానీ అది మనిషి నాటింది. బిర్చ్ అక్కడిదే, ఎవరూ నాటలేదు.

మావయ్య: నాటలేదు, నిజమే. నేలను ఎండబెట్టింది మాత్రం మనుషులే. అంతెందుకు, 2023 సంగతి చూడు. కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్లు కాలాయి. ఆ వేసవిలో గాల్లోకి వెళ్లింది సుమారు 64.7 కోట్ల టన్నుల కార్బన్. ఏడాదికి అంతకన్నా ఎక్కువ బొగ్గు, చమురు పొగ వదిలే దేశాలు చైనా, అమెరికా, భారత్, అంతే. ప్రపంచ అడవుల్లో 27 శాతం ఈ ఉత్తరాది అడవులే. అది చూశాక కూడా వదిలేద్దామంటావా?

మేనకోడలు: అన్నీ వదిలేద్దామనను. అన్నీ ఆర్పుదామన్నా కుదరదంటాను. అలాస్కాలో భూమినంతా నాలుగు రకాలుగా విడదీశారు: క్రిటికల్, ఫుల్, మాడిఫైడ్, లిమిటెడ్. ఊరి పక్కన ముందు ఆర్పుతారు. లిమిటెడ్‌లో సాధారణంగా కాలనిచ్చి కనిపెట్టుకుని ఉంటారు. రోడ్డు లేని చోటు, పిడుగుతో ఒకేసారి పదుల మంటలు. విమానంలోంచి దూకే స్మోక్‌జంపర్లు ఎంతమంది ఉంటారు? అమెరికా పడమటి రాష్ట్రాల్లో నూరేళ్లుగా దాదాపు ప్రతి మంటా ఆర్పి, అడవి నిండా ఎండుకట్టె పోగేసి, చివరికి పెద్ద మంటలు తెచ్చుకున్నారు కూడా.

మావయ్య: ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు, నీ పత్రాల్లోంచే చెబుతాను. అక్కడి పొడి పైన్ అడవుల్లో కొన్నేళ్లకోసారి చిన్న మంట వచ్చి గడ్డి తినిపోయేది, దాన్ని ఆపితే కట్టె పోగయింది. స్ప్రూస్ అడవిలో నూరేళ్లకో పెద్ద మంట. అక్కడ కట్టెకు ఎప్పుడూ లోటు లేదు, ఎండ ఎంత కాస్తుందన్నదే మంటను నడిపిస్తుంది. పైగా 2022లో కార్లీ ఫిలిప్స్ బృందం లెక్క కట్టింది. అలాస్కాలో మంటలు ఆర్పడానికి ఇంకా డబ్బు పెడితే, ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ ఆపడానికి సగటున 13 డాలర్ల లోపే ఖర్చు. యూకాన్ ఫ్లాట్స్ వన్యప్రాణి ఆశ్రయంలో 16 లక్షల ఎకరాలను, అడుగున ఉన్న పాత గడ్డకట్టిన నేల కోసమే, లిమిటెడ్ నుంచి మాడిఫైడ్‌కు మార్చారు. చెయ్యొచ్చని చేసి చూపించారుగా!

మేనకోడలు: పొడి పైన్ అడవి మాట మీదే నిజం, ఆ ఉదాహరణ వెనక్కి తీసుకుంటాను. యూకాన్ ఫ్లాట్స్ నిర్ణయం కూడా సరైనదే. ఆ 13 డాలర్లు చూస్తే మాత్రం నాకు వేరే భయం. రేపు ఏదో చమురు కంపెనీ వచ్చి, ఆర్పే ఖర్చు మేమిస్తాం, ఆగిన కార్బన్ మా ఖాతాలో రాయండి, మా పొగ మాకు వదిలేయండి అంటుంది.

మావయ్య: ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు అలాంటివాడే. అలా అడిగేవాడు ఉన్నాడని మంట ఆర్పడం మానతామా?

మేనకోడలు: మానొద్దు. ఏది ముందో మాత్రం మరిచిపోవద్దు. బొగ్గు, చమురు, గ్యాస్ వల్ల ఏటా గాల్లోకి వెళ్లేది సుమారు 1,000 కోట్ల టన్నుల కార్బన్. మీరు చెప్పిన కెనడా మంటలు, అంత భయంకరమైన ఏడాదిలో కూడా, దాంతో పోలిస్తే సుమారు పదిహేనో వంతు. అడవికి తీరిక లేకుండా చేస్తున్నది ఆ బొగ్గు, చమురు, గ్యాస్ పొగే.

మావయ్య: నా పట్టు ఒక్కటేనమ్మా. ఈ పాతికేళ్లలో పోయే కార్బన్‌కూ, నూరేళ్లకు తిరిగొచ్చే కార్బన్‌కూ ఒకే విలువ కట్టొద్దు. బిర్చ్ తోపు లోటు తీర్చే సరికి 2050 దాటిపోతుంది. వేడి ఆ లోపలే ముదురుతుంది.

మేనకోడలు: అందుకే ఏ మంట అన్నది ముఖ్యమంటున్నాను. జూన్ మొదట్లో నాచు అడుగు ఇంకా గడ్డకట్టి, తడిగా ఉంటుంది. అప్పటి మంట సాధారణంగా పైపైన పోతుంది, స్ప్రూస్ మళ్లీ మొలుస్తుంది. జులై చివర, ఆగస్టులో నేల కరిగి ఎండి ఉంటుంది, మంట లోతుగా దిగుతుంది. ముదురు తోపులో, సీజన్ మొదట్లో వచ్చిన మంటను వదలొచ్చు. లేత తోపు, పొడినేల, సీజన్ చివర, ఈ మూడూ కలిసిన చోట స్మోక్‌జంపర్లను దించాలి. ఏ తోపు ఏదో చెప్పడానికి మీకు ఒళ్లు మండించిన ఆ కొలతలే కావాలి.

మావయ్య: ఇది పనికొచ్చే మాట. రేంజ్ ఆఫీసరుకు నూరేళ్ల జమాఖర్చు అక్కర్లేదు, ఇవాళ ఉన్న ఇరవై మందిని ఏ మంట మీదికి పంపాలో కావాలి. కాకపోతే జూన్ మంటలు ముదురు తోపుల్లో వదిలేయొచ్చన్నది నేను ఒప్పుకోను. జూన్‌లో వదిలిన మంట ఆరకపోతే ఆగస్టు దాకా నడుస్తుంది, అప్పుడది నువ్వు భయపడే మంటే.

మేనకోడలు: అది కొలవదగ్గ ప్రశ్న. జూన్‌లో వదిలిన మంటల్లో ఎన్ని ఆగస్టు దాకా బతికాయో అక్కడ రికార్డులున్నాయి. తీసి పంపుతాను, మీరే లెక్కపెట్టండి.

మావయ్య: పంపు. ఎక్కువైతే నువ్వు నీ జూన్ మాట వదులుకోవాలి, తక్కువైతే నా పట్టు నేను సడలిస్తాను.